కూత నా చెవిలో కాదు

నా చెవుల మీద పెట్టిన శ్రద్ధలో పావువంతు మా ఆయన కారు బోనెట్ కింద పెట్టి ఉంటే ఈ గొడవ ఒక్క పూటలో తేలిపోయేది. తేలలేదు. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగింది. ఇది రాస్తుంటే కూడా నాకు కోపంగానే ఉంది. కాస్త చల్లారాక రాయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. చల్లారాక రాస్తే నేను మంచిదాన్ని అయిపోతాను, అందరినీ క్షమించేస్తాను, ఇక ఉన్నది ఉన్నట్టు రాయలేను. అందుకే వేడి మీదే కూర్చున్నాను.

నేను హైస్కూలు టీచర్ని, భౌతికశాస్త్రం చెబుతాను. బడి రాయికోడ్ దాటాక ఒక ఊళ్లో ఉంది, ఇల్లేమో జహీరాబాద్‌లో. మా ఆయనకు మార్కెట్ దగ్గర ఎరువుల దుకాణం. అక్కడికి ఆయన మోటార్ సైకిల్ మీద వెళతాడు. కారు సెకండ్ హ్యాండ్‌ది. నా జీతంతోనే కొన్నాం, నేనే నడుపుతాను, అయినా మా బస్తీలో అందరూ దాన్ని ఆయన కారనే అంటారు. ఆ మాట మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశాను. అన్నింటికీ కోపం తెచ్చుకుంటే ఒంట్లో రక్తం మిగలదు.

కానీ ఆ కారులో బడికి వెళ్లి వచ్చే సమయం మాత్రం నాది. ఇంట్లో మా అత్తమ్మ టీవీ, మా ఆయన ఫోన్. బడిలో పిల్లల గోల, స్టాఫ్ రూంలో పెద్దల గోల. కారెక్కి అద్దాలు పైకి లేపి, పాత పాటలు సన్నగా పెట్టుకుంటే లోకంలో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. రెండు వైపులా చెరకు, అల్లం మళ్లు, అక్కడక్కడా ఎర్రమట్టి గుట్టలు. ఆ దారి కోసమే నేను పట్నానికి బదిలీ వచ్చే అవకాశం ఉన్నా అడగలేదు.

పాటలు సన్నగా ఎందుకంటే, మా అమ్మ వల్ల. సరిగ్గా నా ఈడులోనే అమ్మకు చెవుల్లో గుయ్యిమని మోత మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ మోత పెరిగి పెరిగి చివరికి బయటి మాటలన్నీ మింగేసింది. ఆఖరి రోజుల్లో అమ్మ మా పెదాల వంక చూస్తూ, అర్థం కాకపోయినా నవ్వేది. అప్పటినుంచీ పెద్ద చప్పుళ్లంటే భయం. పెళ్లి బారాత్‌ల ముందు డీజే మోగుతుంటే నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ముఖ్యంగా మా ఆయనకు తెలుసు.

దసరా వెళ్లాక ఒక పొద్దున, చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా పోతున్నాను. ఒక పాట అయిపోయింది. ఇంకో పాట మొదలయ్యేలోపు ఉండే ఆ కాస్త ఖాళీలో నాకు సన్నటి కూత వినిపించింది. చెవి దగ్గర దోమ తిరిగినట్టు, కానీ దోమకంటే నిక్కచ్చిగా. వచ్చేసింది, అమ్మది నాకూ వచ్చేసింది అనుకున్నాను.

ట్రాక్టర్‌ను దాటడానికి ఆక్సిలరేటర్ తొక్కాను. కూత పైకి లేచింది. కాలు తీశాను. దిగింది. అప్పుడు నాలో టీచరమ్మ మేలుకుంది. చెవి జబ్బుకు గేర్ల సంగతి ఏం తెలుస్తుంది? స్టీరియో పూర్తిగా ఆపాను, కూత లేదు. పెట్టాను, ఉంది. వాల్యూమ్ సున్నాకు తిప్పినా అలాగే ఉంది. ఫోన్ తీగ పీకేసినా ఉంది. అంటే ఇది బండిలో కూత, నా చెవిలో కాదు. ప్రాణం లేచి వచ్చింది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ సంతోషంలోనే మా ఆయనకు చెప్పాను.

ఆయన కారులో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసి, తీన్‌మార్ పాట ఒకటి పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. పక్కింటి కిటికీ అద్దాలు అదిరాయి.

"ఏది కూత?" అన్నాడు.

"సౌండ్ తగ్గించు, అప్పుడు వినిపిస్తుంది."

"తగ్గిస్తె పాటనే ఇనొస్తలేదు. ఇగ కూత ఎట్ల ఇనొస్తది?"

నేనే చెయ్యి పెట్టి వాల్యూమ్ తగ్గించాను. ఆక్సిలరేటర్ తొక్కమన్నాను. తొక్కాడు. స్టీరింగ్ మీద దరువేస్తున్న ఆయన వేలు కాస్త ఆగినట్టు అనిపించింది. ఆ కూత నాకు సూదిలా గుచ్చుతోంది. ఆయన నా వంక చూడకుండా ఇంజన్ ఆపేశాడు.

"నాకేం ఇనొస్తలేదు" అన్నాడు. దిగుతూ, తలుపు వేస్తూ, మెల్లగా అన్నాడు: "మీ అమ్మకు గూడ గిట్లనే మొదలైంది గద."

ఆ ఒక్క మాటతో సంగతి కారులోంచి నా తలలోకి మారిపోయింది. మర్నాడు మా అత్తమ్మకు తెలిసింది. ఆవిడ బీదర్ వైపు మనిషి, కోపమొస్తే కన్నడంలో తిడుతుంది, జాలి కలిగితే తెలుగులో మాట్లాడుతుంది. నాతో ఆ వారమంతా తెలుగే. "జర నువ్వుల నూనె వెచ్చవెట్టి పోస్త, పండుకో బిడ్డా" అని వెంటపడింది. జాలికీ హద్దుండాలి.

మా ఆయన నన్ను వెంటబెట్టుకుని స్టీరియో దుకాణానికి కారు తీసుకెళ్లాడు. హైవే పక్కన అలాంటి దుకాణాలు వరసగా ఉంటాయి, సీట్ కవర్లు, రంగు లైట్లు, మనిషి గుండె ఆగిపోయేంత స్పీకర్లు. అక్కడ పరీక్ష చేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇంజన్ ఆపి ఉంచుతారు, ఫుల్ సౌండ్ పెడతారు, "మస్తుంది" అంటారు. ఆ దుకాణం ఆయనా అంతే చేశాడు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. ఆయన నాకు జవాబు చెప్పలేదు, మా ఆయనకు చెప్పాడు.

"ఇంజన్ ఎందుకన్నా, పెట్రోల్ దండుగ. సెట్టు సూడనీకె ఇంజన్‌తోని పనేమున్నది?"

కూత ఇంజన్ నడిస్తేనే వస్తుంది, గట్టి పాటలో మునిగిపోతుంది. వీళ్లు ఇంజన్ ఆపి, గట్టి పాట పెట్టి, కూత లేదని తేలుస్తారు. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట. అక్కడితో ఆగకుండా స్పీకర్లు పాతవయ్యాయని చెప్పి కొత్తవి బిగించారు. తిరుగు దారిలో కొత్త స్పీకర్లలో అదే కూత ఇంకా శుభ్రంగా వినిపించింది.

ఇంకో రోజు బడి నుంచి వస్తూ నేనొక్కదాన్నే ఆ దుకాణానికి వెళ్లాను. నా ముందే ఇంజన్ నడపాలని, పాట ఆపి వినాలని పట్టుబట్టాను. ఆయన ఒక నిమిషం తల లోపల పెట్టి, "గది ఇంజన్ సౌండ్ మేడం. ఇంజన్ ఉన్నంక సౌండ్ రాదా?" అన్నాడు. ఇంజన్ చప్పుడు బోనెట్‌లోంచి రావాలి గాని స్పీకర్‌లోంచి ఎందుకు వస్తుందని అడిగాను. స్టీరియో ఎర్త్ సరిగ్గా కలిసిందో లేదో చూడమన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఏదో ఉంది.

"పరేషాన్ గాకున్రి మేడం. అన్న చెప్పిండు. మీకు జర చెవుల ప్రాబ్లం ఉన్నదంట గద."

అన్న చెప్పిండంట. నా చెవుల సంగతి హైవే మీదికి ఎక్కింది. ఈయన ఇంకా ఎన్ని దుకాణాల్లో చెప్పాడో, ఎరువుల బస్తాల మధ్య కూర్చుని ఎంతమంది రైతులకు చెప్పాడో. ఇంటికి వచ్చి గిన్నెలు ఎత్తి పడేశాను. "ఏమైందే?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. కోపం మరీ ఎక్కువైతే నాకు మాట రాదు.

ఎర్త్ అని ఎందుకు అడిగానంటే, అది పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కరెంటుకు పోయే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారి అంతే ముఖ్యం. ఇంట్లో అయితే దానికి వేరే తీగ ఉంటుంది. కారులో ఆ తీగ ఉండదు, కారు ఒళ్లే తిరుగుదారి. ఆ ఇనుప ఒళ్లును బ్యాటరీ మైనస్‌తో కలిపే మందపాటి తీగ ఒకటి బోనెట్ కింద బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు దగ్గర పట్టు సరిగ్గా లేకపోతే, కరెంటు ఇంటికి పోవడానికి సందులూ గొందులూ వెతుక్కుంటుంది. స్టీరియో తీగల్లో దూరుతుంది. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ హోరును కూడా తనతోపాటు మోసుకొస్తుంది. అందుకే కూత ఇంజన్‌తో పాటు లేస్తుంది, దిగుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

సరే, స్టీరియో దుకాణాన్ని వదిలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మర్యాదస్తుడు. బోనెట్ ఎత్తి, టార్చి వేసి, ఆ బోల్టు దగ్గర ఆగిపోయాడు. తీగ కొసన ఉండే రింగుకూ బాడీకీ మధ్య ఆకుపచ్చ దారం చుట్టలు చుట్టలుగా ఉంది, దాని మీద పసుపు, కుంకుమ, ఏవో గట్టిపడ్డ మరకలు. మెకానిక్ ఆ దారాన్ని వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు.

"దర్గా దారం మేడం గిది. మొక్కుకొని కట్టినట్టున్నరు. నేను ముట్ట. ఇంటోళ్లను అడిగి రాన్రి."

ఆయన్ని తప్పు పట్టలేను. మా వైపు ఇలాంటి దారాలకు మతం ఉండదు, భయభక్తులు మాత్రం ఉంటాయి. మా అత్తమ్మ శివరాత్రికి ఎంత నిష్ఠగా ఉపవాసం ఉంటుందో, మొగుడంపల్లి వైపున్న దర్గాకు అంతే నిష్ఠగా చక్కెర తీసుకెళుతుంది. బండి కొన్నప్పుడు దారం తెచ్చిందని నాకు లీలగా గుర్తుంది. ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను.

"అమ్మ కట్టిచ్చింది. దాని జోలికి పోకు" అన్నాడు ఠక్కున. "అమ్మ బాధపడ్తది. నీ చెవుల కోసం మొక్కు దారం ఇప్పుతవా?"

నేను ఆగిపోయాను. పెద్దావిడ నమ్మకం మీద పానా పెట్టడానికి చేతులు రాలేదు. నేరుగా ఆవిడనే అడిగి ఉండొచ్చు కదా అని మీరు అంటారు. నువ్వుల నూనె గిన్నె పట్టుకుని నా వెంట తిరుగుతున్న మనిషిని, మీ దారం వల్లే కూత వస్తోందని ఎలా అడగను?

తర్వాత దవాఖాన. సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, తల మీద హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కాను. గుండె దడదడలాడుతుంటే దాని చప్పుడు కూడా వినిపించింది. డాక్టరు పరీక్ష చూసి మా ఆయన వైపు తిరిగాడు.

"చెవులు బాగానే ఉన్నాయి. ఇలాంటివి టెన్షన్ వల్ల కూడా వస్తుంటాయి. కాస్త రెస్ట్ ఇవ్వండి."

చెవులు నావి, జవాబు ఆయనకి. చెవులు బాగున్నాయంటే కూత కారులో ఉందని అర్థం కావాలి కదా, కాలేదు. చెవిలో లేకపోతే మనసులో ఉందని అర్థమైంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, తిరిగి తిరిగి అది నా మీదే పడింది. బయటికి వచ్చి పార్కింగ్‌లో మా ఆయన కారు తాళం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"కొన్ని రోజులు బస్సుల పో. బండి నడుపుకుంట లేని సౌండ్లు ఇంటె ఎట్ల? రేపు ఏమన్న అయితె నలుగురు నన్నే అంటరు."

ఆ నలుగురినీ నేనెప్పుడూ చూడలేదు. కానీ నా తాళం వాళ్ల కోసం ఆయన జేబులోకి పోయింది.

రాయికోడ్ బస్సులో నిలబడి వెళ్లడం అవమానం ఏమీ కాదు. పిల్లలు, కూలీలు, అందరూ వెళతారు. నా బాధ అది కాదు. నా కారు దుకాణం ముందు ఎండలో నిలబడి ఉంటుంది. సాయంత్రం ఆయన స్నేహితులు అందులో ఎక్కి బీదర్ దాకా షికారు పోతారు, మధ్యలో పొగ తాగుతారు, మర్నాడు సీట్లు వాసన వేస్తాయి. వాళ్లలో ఎవరికీ కూత వినిపించదు. వినిపించేంత సన్నగా వాళ్లు ఎప్పుడైనా పాట పెడితే కదా.

అసలు కోపం ఇంకోటి ఉంది. అందరూ అంటుంటే, అంటుంటే, నాకు నా మీద అనుమానం మొదలైంది. కారు లేదు కాబట్టి కూతను పరీక్షించే వీలూ లేదు. బడిలో పరీక్ష పెట్టి పిల్లలు నిశ్శబ్దంగా రాస్తుంటే నేను చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఫ్యాన్ చప్పుడులో కూత వెతుక్కున్నాను. మంచినీళ్ల మోటర్ ఆగితే ఉలిక్కిపడ్డాను. అద్దం ముందు నిలబడి, అమ్మ నవ్వినట్టు నవ్వి చూసుకున్నాను ఒకసారి. లేని జబ్బును నాకు అంటగట్టి, ఉన్నదేమో అని నా చేతే నన్ను వెతికించారు. దీన్ని నేను మరిచిపోను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మా ఆయన కోహీర్‌లో పెళ్లికి స్నేహితుడి జీపులో వెళ్లాడు. తాళం ఫ్రిజ్ మీద మరిచిపోయాడు. నేను ముందురోజే బడి ల్యాబ్ నుంచి కరెంటు కొలిచే మల్టీమీటర్ ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను, ఎప్పటికైనా అవకాశం దొరక్కపోతుందా అని. పొద్దున్నే చీర కొంగు నడుముకు దోపి, వాకిట్లో బోనెట్ ఎత్తాను. ఎదురింటావిడ గోడ మీంచి చూసింది. చూడనీ.

ఇంజన్ నడుస్తుండగా మీటరు తీగ మొన ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి కారు ఒంటి మీద రంగు గీకిన చోట పెట్టాను. తిరుగుదారి బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపాలి. చూపలేదు. హెడ్‌లైట్లు వేస్తే అంకె ఇంకా ఎక్కింది. లోపల స్పీకర్లో కూత కూడా ఎక్కింది. డిక్కీలో, బ్యాటరీ దిగిపోతే వేరే బండికి తగిలించుకునే లావుపాటి కేబుల్ ఉంటుంది. దాని ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస గీకిన ఇనుముకు కరిపించాను.

కూత ఆగిపోయింది. క్లిప్పు తీశాను, వచ్చింది. పెట్టాను, పోయింది. ఎన్నిసార్లు తీసి పెట్టానో నాకే తెలియదు. ఏడుపొచ్చింది. సంతోషం కాదు, ఒట్టి కోపం. ఇన్ని నెలలు! ఒక తీగ ముక్క చెప్పే సంగతి చెప్పడానికి, నా మాట చాలలేదు ఈ ఇంట్లో.

చాటలో కందిపప్పు పట్టుకుని మా అత్తమ్మ బయటికి వచ్చింది. నా కళ్లు చూసి, "ఏమైంది బిడ్డా, మల్ల మోత ఇనొస్తుందా?" అంది. ఇక దాచలేదు. కూత ఎందుకు వస్తోందో, ఏ బోల్టు దగ్గర పట్టు తప్పిందో చెప్పాను. ఆవిడ కట్టించిన దారం అక్కడ అడ్డుగా ఉందని, నాకు తెలుసు అది మొక్కు అని, మీరు వద్దంటే ముట్టనని చెప్పాను.

ఆవిడ చాట కింద పెట్టి బోనెట్‌లోకి వంగింది. చాలాసేపు చూసింది.

"గీడ ఎవరు కట్టిన్రు దీన్ని?"

"మీరే కట్టించారట కదా."

"నేనా?" అంది. ఆ తర్వాత కన్నడంలో ఏదో అంది, అది మెచ్చుకోలు మాత్రం కాదు. "నేను ముంగట అద్దానికి కట్టుమన్న. కండ్ల ముంగట ఉండాలె, బండెక్కంగనె దండం వెట్టుకోవాలె. నూనెల, మట్టిల, బోల్టు కింద పెట్టి తొక్కుతరా ఎవరన్న? అద్దానికి కడితె దోస్తులు చూసి నవ్వుతరని సిగ్గయ్యిందేమో దొరకు. కట్టిన్నే అమ్మా, మంచిగ కట్టిన అన్నడు నాతోని."

నాకు అప్పుడు అర్థమైంది. దారం అద్దానికి కట్టడానికి నామోషీ. కట్టకపోతే తల్లి అడుగుతుంది. అందుకని బోల్టు విప్పి, దాని కింద చుట్టి, బిగించేశాడు. పైగా మొక్కు దారాన్ని అలా తొక్కిపెట్టాననే పాపభీతి ఒకటి. ప్రతి దసరాకు బండి పూజలో అందరూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి ముందు కొబ్బరికాయ కొడితే, ఈయన బోనెట్ ఎత్తి ఆ బోల్టు మీద కొబ్బరినీళ్లు పోసేవాడు. నేను అదేదో భక్తి అనుకునేదాన్ని. మొదట్లో బోల్టు ఎలాగో లాక్కొచ్చింది. ఏడాదికింత తుప్పు ఎక్కి, మొన్నటి దసరా కొబ్బరినీళ్లతో పూర్తిగా చేతులెత్తేసింది.

"తియ్యి బిడ్డా. నేను చెప్తున్న, తియ్యి" అంది అత్తమ్మ.

పానాతో విప్పాను. దారం చివికి, తుప్పుతో, పసుపుతో అంటుకుపోయి ఉంది. ఆవిడ దాన్ని పోగు పోగుగా ఒలిచి తీసి, ఏదో మొక్కుకుని, కొంగు చివర ముడి వేసుకుంది. అలాంటి దారాన్ని పారేయకూడదు, మళ్లీ దర్గాకే చేర్చాలి. నేను గరుకు కాగితంతో రింగునూ, దాని కింది ఇనుమునూ మెరిసేదాకా రుద్దాను. బోల్టు గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు పూశాను. ఇంజన్ స్టార్ట్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఆక్సిలరేటర్ తొక్కాను. ఏమీ లేదు. ఇంజన్ చప్పుడు ఇంజన్ దగ్గరే ఉంది.

మా ఆయన పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం దిగాడు. కారు వాకిట్లో నడుస్తూనే ఉంది, వెనక సీట్లో మా అత్తమ్మ కూర్చుని ఉంది, స్టీరియోలో పాట సన్నగా మోగుతోంది. "ఒకసారి నడిపి చూడు" అని మాత్రం అన్నాను. ఏమనుకున్నాడో, తల్లి ఉందనో, కిక్కురుమనకుండా ఎక్కాడు. పక్కన నేను కూర్చున్నాను. గల్లీ దాటి, పెద్ద రోడ్డు ఎక్కి, వేగం పెంచాడు. పాట అయిపోయింది. తర్వాతి పాట రాబోయే ముందు ఖాళీ వచ్చింది. ఆయన వేలు స్టీరింగ్ మీద దరువు ఆపింది. ఇంకొంచెం తొక్కాడు, విన్నాడు. ముఖం విప్పారింది.

"ఏం జేసినవే?" అన్నాడు మెచ్చుకోలుగా. "గా కూత పోయింది గద!"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి మా అత్తమ్మ అడిగింది.

"ఏ కూతరా?"

ఆయన కాలు ఆక్సిలరేటర్ మీంచి లేచింది. కారు దానంతట అదే పోతున్నట్టు పోయింది కాసేపు. అత్తమ్మ కొంగు ముడి విప్పి, ఆ చివికిన దారం ముందుకు చాపి, ఆయన కళ్ల ముందు పట్టుకుంది.

"ఏ కూత అంటున్న. నాకేం ఇనొస్తలేదంటివి. పిల్లను దవాఖాన్ల చుట్టు తిప్పితివి."

బండి పక్కకు ఆపాడు. చెరకు రసం బండి పక్కన. అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా, అద్దంలోకి చూస్తూ. మొదటి రోజే వినిపించిందట. బోనెట్ ఎత్తి వెతికితే దారం బయటపడుతుందని, తల్లికి తెలిస్తే నొచ్చుకుంటుందని భయపడ్డాడట. రెండు రోజుల్లో నేనే మరిచిపోతాననుకున్నాడట. మరిచిపోలేదు కాబట్టి ఒక అబద్ధం మీద ఇంకోటి వేసుకుంటూ పోయాడట. "నిన్ను బాధపెట్టాలని గాదే" అన్నాడు.

నన్ను బాధపెట్టాలని కాదు, నిజమే. నేను ఆయన లెక్కలోనే లేను. మూరెడు దారం దాచుకోవడానికి చేతికందినది వాడుకున్నాడు, చేతికందింది మా అమ్మ చెవుడు. అంతే సంగతి. పగతో చేసి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో.

"దిగు" అన్నాను. దిగాడు. నేను అటు మారి కూర్చున్నాను. వెనక సీట్లో తల్లి పక్కన ఒదిగి కూర్చుని ఇంటిదాకా వచ్చాడు. ఆవిడ దారి పొడుగునా కన్నడంలోనే మాట్లాడింది.

ఇప్పుడు కొత్త ఆకుపచ్చ దారం అద్దానికి వేలాడుతోంది, మా అత్తమ్మ స్వయంగా కట్టింది. తాళం నా సంచిలో ఉంటుంది. మా ఆయన ఇంట్లో ఏదైనా వినిపించలేదంటే, "పో, సంగారెడ్డి పోయి చెవులు చూపిచ్చుకో" అంటుంది ఆవిడ. ఆయన చాలా మంచిగా ఉంటున్నాడు. స్టీరియో దుకాణం ఆయనకు కూడా చెప్పాడట, మా మేడం చెవులు మంచిగనే ఉన్నాయని. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

రోజూ రాయికోడ్ దారిలో పాటలు సన్నగా పెట్టుకుంటాను. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు శుభ్రమైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఆక్సిలరేటర్ తొక్కినా తొక్కకపోయినా, ఒక మాట వినిపిస్తుంది, తలుపు వేస్తూ మెల్లగా అన్న మాట: "మీ అమ్మకు గూడ గిట్లనే మొదలైంది గద." స్టీరియో ఆపేసినా అది పోదు. అది మాత్రం నా చెవిలోనే ఉంది.